మనవాళ్లు ఎంతమంది?

మెడిసిన్ సీటు రావడం ఒక ఎత్తు. వచ్చాక ఏ కాలేజీలో చేరాలన్నది ఇంకో ఎత్తు. ఈ రెండోదాని గురించి మనవాళ్లు రాసింది మేము చూడలేదు. రాయవలసిన అవసరం మన ఇళ్లకు ఎన్నిసార్లు వచ్చిందని! 2024లో చల్లపల్లిలో మా యానాది కాలనీకి వచ్చింది. అందుకే రాస్తున్నాం. ఇక్కడ మేము అంటే ఒక టీచరు, పిల్ల తల్లిదండ్రులు, నాయనమ్మ, రొయ్యల చెరువుల కాపలాకు పోయే మామలు, వరి కోతలకు పోయే అత్తలు. నిర్ణయం ఒక్కరిది కాదు గనుక ఒక్కరి మాటగా రాయడం కుదరదు.

పిల్ల చదువు గురించి ఎక్కువ చెప్పం. గిరిజన గురుకులంలో పది దాకా, తరువాత ఇంటర్, ఆ తరువాత ఒక ఏడాది కోచింగు. తండ్రి పొలాల్లో ఎలక బుట్టలు పెడతాడు, సీజను కాని రోజుల్లో పీతలకు పోతాడు. తల్లి కూలికి పోతుంది. రెండోసారి రాసిన నీట్‌లో ర్యాంకు వచ్చింది. మొదటి విడత కౌన్సెలింగులో బందరు ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎస్టీ కోటాలో సీటు వచ్చింది. ఆ రోజు కాలనీలో పండగ. మిఠాయి తెచ్చింది చెరువు యజమాని, అది కూడా చెప్పాలి.

అసలు సంగతి మరునాడు మొదలైంది. మెడిసిన్ కౌన్సెలింగు ఎలా నడుస్తుందో మన టీచర్లలో కూడా చాలామందికి తెలియదు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాం. నీట్ దేశమంతా ఒకటే పరీక్ష. ప్రభుత్వ కాలేజీ సీట్లలో 15 శాతం ఆలిండియా కోటాకు పోతాయి. మిగతావి రాష్ట్రం నింపుతుంది. మన దగ్గర ఆ పని విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం చేస్తుంది. ఇది 1986లో మొదలైంది. ఇప్పుడంతా ఆన్‌లైన్లోనే. కులధ్రువీకరణ పత్రం, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు, మిగతా కాగితాలు ఎక్కించాలి. తరువాత మనకు కావలసిన కాలేజీలను వరుసగా పెట్టుకోవాలి. దీన్నే వెబ్ ఆప్షన్ అంటారు. ర్యాంకును బట్టి, కేటగిరీని బట్టి ఒకటి ఇస్తారు. అందులో చేరినవాళ్లు రెండో విడతలో ఇంకా పై కాలేజీకి ప్రయత్నించవచ్చు. అయితే పై కాలేజీ వచ్చిందంటే చేతిలో ఉన్న సీటు దానంతట అదే పోతుంది. తిరిగి రావడం ఉండదు. "రెండూ చూసి నచ్చింది ఉంచుకుందాం" అనే వీలు లేదు. కాబట్టి ఎంచుకోవడం సీటు వచ్చిన తరువాత కాదు, ఆప్షను నొక్కే ముందే జరిగిపోవాలి. చల్లపల్లి సెంటర్లో నెట్ షాపు కుర్రాడు ఈ ముక్క చెప్పగానే పిల్ల తండ్రి కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు. వచ్చిన సీటును చేతులారా పణంగా పెట్టడమా అని.

పైన పెట్టదగిన కాలేజీ ఏదంటే, పిల్ల ర్యాంకుకు అందేలా కనబడింది విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీ.

ఈ రెండు కాలేజీల మధ్య సరిగ్గా వందేళ్ల తేడా. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923లో పుట్టింది. అంతకుముందు తెలుగు పిల్లలు చాలామంది డాక్టరీ చదవడానికి మద్రాసు పోయేవారు. బందరులో ప్రాక్టీసు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు కూడా అక్కడే చదివి వచ్చారు. బందరు కాలేజీ 2023 సెప్టెంబరులో మొదలైంది. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, నంద్యాల కాలేజీలు కూడా అప్పుడే తెరిచారు. బందరు కాలేజీ కరగ్రహారంలో కట్టారు. మా పిల్ల చేరితే రెండో బ్యాచి. అంటే తనకు సీనియర్లుగా ఉండేది ఒక్క బ్యాచే.

ఇంట్లో ఎక్కువమంది బందరు వైపే. చల్లపల్లి నుంచి పాతిక కిలోమీటర్లు, అటూ ఇటుగా. ఆదివారం వస్తే ఇంటికి రావచ్చు. పచ్చడి, ఎండు చేపలు ఎవరో ఒకరు అందించి రావచ్చు. విశాఖ అంటే విజయవాడ నుంచే రైల్లో 350 కిలోమీటర్లు. బందరు నుంచి రాత్రి రైలు ఉందని చెప్పినా నాయనమ్మ వినలేదు.

"బందరైతే పొద్దున్నే బస్సెక్కి చూసొస్తాను. ఇశాపట్నం పంపిస్తే నేను పోయినాకే వచ్చుద్ది" అంది.

ఆమె మాటను ముసలితనం కింద కొట్టిపారేయలేం. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి చూసిన మనిషి. దివిసీమలో ఆ రాత్రి బతికి బయటపడ్డ ముసలివాళ్లు పిల్లల్ని కంటికి కనిపించే దూరంలో ఉంచుకోవాలని చూస్తారు. దానికి తోడు 2024 సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఇక్కడ లంకల్లోకి నీళ్లు వచ్చాయి. మేము ఒక పక్క కరకట్ట ఎలా ఉందో అడుగుతూ, ఇంకో పక్క ఈ చర్చ చేశాం. అలాంటి రోజుల్లో దూరం పంపే మాట ఎత్తడమే కష్టం.

బందరుకు ఓటు వేసినవాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. అది పాములు. మా సీమలో పాము కాటు కొత్త కాదు. ఎలకలకు పోయేవాళ్లం, బొరియలో చెయ్యి పెట్టేవాళ్లం. 2018 ఆగస్టులో దివిసీమ పల్లెల్లో పాము కాట్లు విపరీతమయ్యాయి. అవనిగడ్డ ఆసుపత్రికి వరసపెట్టి వచ్చారు. ఆ నెలాఖరున మోపిదేవి గుడిలో దేవాదాయ శాఖ సర్ప శాంతి హోమం చేయించింది కూడా. మన తాతలు ఆకు పసరుతో వైద్యం చేసేవారు, ఊళ్లో పెద్ద రైతులు కూడా వాళ్లను పిలిపించేవారు. ఆ పేరు మాకు గౌరవమే. కానీ రక్తపింజర కరిచినవాడికి కావలసింది విరుగుడు ఇంజెక్షను, అదీ గంటల్లో. విషం లేని పాము కరిచినవాడు పసరు తాగినా బతుకుతాడు, తాగకపోయినా బతుకుతాడు. మంత్రానికి పేరు వచ్చింది అలా. ఈ మాట మనలో ఒకరు డాక్టరయ్యి చెబితే కాలనీ వింటుంది, బయటివాళ్లు చెబితే వినదు. అందుకని "మన పిల్ల బందర్లో ఉంటే మనకే మంచిది" అని మామలు అన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది.

డాక్టరంటే మా ఊరివాళ్లకు ఒక బొమ్మ కూడా మనసులో ఉంది. చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి గార్లు ఊరివాళ్లతో కలిసి తెల్లవారకముందే చీపుర్లు పట్టుకుని వీధులు ఊడుస్తారు. స్వచ్ఛ చల్లపల్లి అంటే చాలామంది వినే ఉంటారు. మా పిల్ల చిన్నప్పటి నుంచి చూసిన డాక్టర్లు వాళ్లు. డాక్టరు ఊళ్లో ఉండాలి అనుకోవడం అందువల్ల కూడా.

ఇన్ని చెప్పాక, దూరమే మంచిదన్న మొదటి మనిషి ఎవరనుకున్నారు? పిల్ల తల్లి. చదువుకోలేదు. ఆమె అన్న మాట ఇది: "బందర్లో ఉంటే కాలనీలో ఎవరికి జొరమొచ్చినా దీన్నే పిలుస్తారు. పురుడొచ్చినా దీన్నే. ఎవుర్నన్నా ఆస్పత్రిలో చేర్పించాలన్నా దీన్నే. మొదటేడు పిల్లకి ఏం తెలుసుద్ది? రాలేనంటే గర్వమంటారు. వచ్చిందంటే పరిచ్చ పోద్ది."

ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. మనలో మొదట చదివిన పిల్ల మీద ఎంత బరువు పడుతుందో చదివిన మనకే తెలుసు. ఉద్యోగం వచ్చిన మర్నాడే ఆధార్ కార్డు నుంచి అప్పు కాగితం దాకా అన్నీ మన దగ్గరికే వస్తాయి. అది తప్పని అనం. కానీ ఎముకల పేర్లు ఇంగ్లీషులో బట్టీ పట్టుకుంటున్న పద్దెనిమిదేళ్ల పిల్ల మీద అప్పుడే ఆ బరువు పెట్టకూడదు.

అయినా దూరమంటే భయం పోలేదు. మా భయానికి ఒక పేరుంది. 2019 మే 22న ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి ప్రాణం తీసుకుంది. తడ్వి భిల్లు ఆదివాసీ అమ్మాయి, గైనకాలజీలో పీజీ చేస్తోంది. ముగ్గురు సీనియర్లు కులం పేరుతో వేధించారని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఆ ముగ్గురినీ అరెస్టు చేశారు, కేసు కోర్టుకు వెళ్లింది. ఆమె ఎంబీబీఎస్ పూర్తి చేసింది, పీజీ సీటు సంపాదించింది. చదువులో తక్కువ పిల్ల కాదు. అంతకు పన్నెండేళ్ల ముందే, 2007లో, ఢిల్లీ ఎయిమ్స్ గురించి థోరాట్ కమిటీ నివేదిక ఇచ్చింది. హాస్టళ్లలో ఎస్సీ, ఎస్టీ పిల్లలు వేధింపులు పడలేక గదులు మారి కొన్ని అంతస్తుల్లోనే ఒక చోటికి చేరుతున్నారని అందులో ఉంది. ఈ సంగతి టీచరు చెబితే తండ్రి అడిగాడు: "ఒక చోటికి చేరడానికి కూడా మనోళ్లు ఉండాలి కదా?"

ఈ ప్రశ్నే మమ్మల్ని లెక్కలోకి దించింది. ఏ కాలేజీ గొప్పది అని అడిగితే అందరూ చెబుతారు. ఆ కాలేజీలో మనవాళ్లు ఎంతమంది అని అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. పలక తీసి మేమే వేసుకున్నాం. పిల్లల చేత ఇదే లెక్క చేయించండి, శాతాల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

విశాఖలో మొత్తం 250 సీట్లు. 15 శాతం ఆలిండియాకు తీసేస్తే సుమారు 212. మన రాష్ట్రంలో ఎస్టీలకు ఆరు శాతం. అంటే పన్నెండు, పదమూడు. ఆలిండియా కోటాలో ఎస్టీకి ఏడున్నర శాతం, అక్కడ ఇద్దరు ముగ్గురు. ఏడాదికి పదిహేను మంది అనుకుందాం. నాలుగు బ్యాచులు, హౌస్ సర్జన్లు కలిపితే అరవై, డెబ్భై మంది. పీజీలు వేరే.

బందరులో 150 సీట్లు. ఆలిండియాకు 22 పోతే 128. వీటికి ఆరు శాతం అంటే ఏడెనిమిది మంది రావాలి. కానీ అలా రారు. 2023లో కొత్త కాలేజీలకు 107, 108 నంబరు జీవోలు వచ్చాయి. రాష్ట్రం చేతిలో ఉన్న సీట్లలో సగమే పాత పద్ధతిలో ఇస్తారు. 35 శాతం ఏడాదికి 12 లక్షల ఫీజుతో, 15 శాతం ఎన్నారై పేరున 20 లక్షలతో. అమ్మే సీట్లలో మన రిజర్వేషను ఉండదు. కాబట్టి 64 సీట్లలోనే ఆరు శాతం. నలుగురు. ఆలిండియా నుంచి ఒకరిద్దరు వచ్చారనుకున్నా రెండు బ్యాచులు కలిపి పది, పన్నెండు మంది దాటరు. అందులో ఆడపిల్లలు ఎందరో, వాళ్లలో మా పిల్ల గదిలో ఉండేది ఎవరో.

సర్కారు కాలేజీ అని బోర్డు ఉంటుంది, సగం సీట్లకు ధర ఉంటుంది. మన జిల్లాకు కాలేజీ వచ్చిందని సంతోషించినవాళ్లలో మేమూ ఉన్నాం, ఇప్పటికీ సంతోషమే. ఆ జీవోల వల్ల ప్రతి బ్యాచిలో మనవాళ్లు నలుగురు తగ్గారన్నది కూడా నిజమే. తగ్గిన నలుగురు ఎవరో ఎవరికీ తెలియదు, వాళ్లకు కూడా తెలియదు. అందుకే దీనిమీద మనవైపు నుంచి పెద్దగా గొంతు లేవలేదు.

పలక మీద ఒక పక్క అరవై, ఇంకో పక్క పది కనబడ్డాక ఇంట్లో మాట మారింది. అరవైమంది ఉంటే వాళ్లలో ఇద్దరు మంచివాళ్లు కాకపోయినా పరవాలేదు. ఒకరి చౌరాసియా అనాటమీ పుస్తకం ఇంకొకరికి వస్తుంది. మొదటి ఇంటర్నల్‌లో తప్పినవాడు, ఆ తరువాత పాసైనవాడు కళ్లెదుట తిరుగుతుంటాడు. తప్పితే చావనక్కర్లేదని పిల్లకు చెప్పగలిగేది వాడే. అమ్మానాన్నలు చెప్పలేరు, టీచరూ చెప్పలేదు. కొత్త కాలేజీలో ఎంత మంచి ప్రొఫెసర్లు ఉన్నా ఈ ఒక్కటీ ఉండదు, ఎందుకంటే అది బ్యాచులు గడిస్తేనే వస్తుంది.

రోగుల సంగతి కూడా ఉంది. కింగ్ జార్జి ఆసుపత్రిలో వెయ్యికి పైగా పడకలు. పాడేరు, అరకు కొండల నుంచి మన ఆదివాసీలు వచ్చేది అక్కడికే. వాళ్లకు దారి చూపడానికి ఎస్టీ సెల్ ఉంది. మమ్మల్ని గిరిజనులు అంటారు గానీ దివిసీమలో గిరి ఎక్కడుంది? మా పిల్ల పుట్టి పెరిగాక చూసిన ఎత్తైన ప్రదేశం కృష్ణ కరకట్ట. కొండల్లో ఉండే మన అన్నదమ్ములను, వాళ్ల జబ్బులను, వాళ్ల మాటను వార్డులో చూసి నేర్చుకుంటుంది. పాము విషానికి విరుగుడు అక్కడా అదే.

అందరం మాట్లాడటం అయ్యాక పిల్లను అడిగాం. అప్పటిదాకా నోరు విప్పలేదు. "టీచరత్తా, రాత్రిపూట ఏడుపొస్తే బందర్లో అయితే ఇంటికొచ్చేస్తాను. వచ్చేస్తే మళ్లీ వెళ్లను. విశాఖలో అయితే పక్క గదికి పోతాను" అంది. అంతే. నాయనమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. మరుసటి ఉదయం నెట్ షాపులో విశాఖను పైన పెట్టారు.

రెండో విడతలో వచ్చింది. బందరు సీటు పోయింది. పోయింది అంటే గాలిలో కలిసిపోలేదు, అది ఎస్టీలోనే తరువాతి ర్యాంకుకు పోతుంది. ఈ సంగతి తెలిశాక నాయనమ్మ కాస్త మెత్తబడింది. "మనోళ్లకే పోద్దంటగా" అని రెండుసార్లు అడిగింది. ఇలా పైకి జరిగినప్పుడు ఖాళీ అయ్యే సీటు ఎవరికి చెందాలన్నదాని మీద 2001లో 550 నంబరు జీవో వచ్చింది. ఓపెన్ మెరిట్‌లో సీటు తెచ్చుకున్న రిజర్వుడు పిల్లలు రిజర్వేషను మీద మెరుగైన కాలేజీకి మారితే, వాళ్లు వదిలిన సీటు ఆ కేటగిరీకే రావాలన్నది దాని సారం. దానిమీద కోర్టు కేసులు నడిచాయి, తరువాత మార్పులూ వచ్చాయి. మన టీచర్లు ఈ జీవోలు తెచ్చుకుని చదవాలి. కౌన్సెలింగు రోజు వెతుక్కుంటే దొరకవు.

ఇంకొక్క మాట కుర్రకారుకు. కులధ్రువీకరణ పత్రం ఇంటర్‌లో ఉండగానే తీసి పెట్టుకోండి. పుట్టిన తేదీ ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటే అప్పుడే సరిచేయించండి. మన ఇళ్లలో పుట్టిన తేదీ అంటే బళ్లో అయ్యవారు వేసిన తేదీయే. ఆఫీసులో దానికి మనల్ని తిప్పుతారు. మా పిల్లకు ఒక కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ తొమ్మిదిసార్లు తిరిగాం. కౌన్సెలింగుకు తొమ్మిది రోజులు ఎవరూ ఆగరు.

చేరిన నెలకు ఫోన్ చేసింది. పక్క గదిలో పాడేరు వైపు అమ్మాయి, మూడో ఏడాది. "మీ ఊళ్లో కొండలున్నాయా?" అని అడిగిందట. "గుట్ట కూడా లేదక్కా" అంటే నమ్మలేదట, మరి నువ్వు ఎస్టీ ఎలా అయ్యావని. ఈ పిల్ల యానాదుల గురించి చెప్పడానికి ఒక సాయంత్రం పట్టిందట. మనకు మనం తెలియడానికి కూడా ఒక హాస్టలు కావాలేమో. అనాటమీ మొదటి ఇంటర్నల్ పోయింది. ఆ సంగతి తల్లికి చెప్పలేదు, మాకు చెప్పింది. రెండోది పాసైంది.

అందరూ విశాఖే పోవాలని మేము అనం. 2025లో నాగాయలంక వైపు నుంచి మనవాళ్ల కుర్రాడొకడు ర్యాంకు కార్డు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. తల్లికి ఒంట్లో బాగుండదు, తండ్రి లేడు, చెల్లెలు ఎనిమిదో తరగతి. పలక మీద అదే లెక్క వేసి చూపించాం. చూసి, "నాకు బందరే కావాలి టీచరుగారూ" అన్నాడు. అతనికి అదే సరి. అయితే మూడో బ్యాచి గనుక లెక్క పది నుంచి పదిహేనుకు పెరుగుతుంది. ముందు రెండు బ్యాచుల్లో ఉన్న మనవాళ్లు ఎవరో కనుక్కుని, ముగ్గురి ఫోన్ నంబర్లు చీటీ మీద రాసి ఇచ్చాం. నాలుగోది విశాఖలో ఉన్న మా పిల్లది.